నేర్పడానికి టైమ్ లేదు, నేర్చుకున్నవాళ్లు నిలవడం లేదు

తిరుపతి బాలాజీ కాలనీలో ఉన్న ఒక డిజిటల్ మీడియా కంపెనీ డెస్క్ ఇన్‌చార్జి పేరు వేయొద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. ఆమెకు 34 ఏళ్లు. కంపెనీలో మొత్తం 14 మంది. ఒక న్యూస్ వెబ్‌సైట్, ఒక యూట్యూబ్ చానెల్ నడుపుతూ, ఊళ్లోని హోటళ్లు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్ల సోషల్ మీడియా పేజీలు కూడా చూస్తారు. కిందటి జూన్‌లో ఐదుగురిని కొత్తగా తీసుకున్నారు. చేరిన రోజే లాగిన్ ఇచ్చి సిస్టమ్ ముందు కూర్చోబెట్టారు. ‘పని చేస్తా ఉంటే అదే వస్తుంది లేమ్మా’ అన్నారట యజమాని.

రాలేదు. పుత్తూరు నుంచి వచ్చిన బీకామ్ అబ్బాయి వేరే చానెల్ క్లిప్‌ను ‘పది సెకన్లే కదక్కా’ అని వాడేశాడు, చానెల్‌కు కాపీరైట్ స్ట్రైక్ పడింది. చిత్తూరు నుంచి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు పోక్సో కేసు (పిల్లలపై లైంగిక నేరాల కేసు) వార్తలో బడి పేరు రాసేశాడు. రాత్రి 11.40కి ఈమె కంట్లో పడింది కాబట్టి గండం గడిచింది. జర్నలిజం చదివిన అమ్మాయి తన కాపీ (రాసిచ్చిన వార్త) మొత్తం మారిపోయి సైట్‌లో కనిపించేసరికి ఏడ్చేసింది, నెల తిరగకుండా మానేసింది. ఇంకొకరు జనవరిలో హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయారు. ఐదో వ్యక్తి శ్రీకాళహస్తిలో 18 ఏళ్లు స్ట్రింగర్‌గా, అంటే నెల జీతం లేని విలేకరిగా పనిచేసిన 46 ఏళ్ల ఆయన. వార్త పట్టుకోవడంలో దిట్ట. అయితే టైపింగ్ రాదు, చిన్నవాళ్ల చేత దిద్దించుకోవడం ఆయనకు నామోషీ.

పాత ఉద్యోగుల్లో ఇద్దరు సీనియర్ సబ్‌లు (సబ్ ఎడిటర్లు) ఉన్నా వాళ్ల షిఫ్ట్ వాళ్లకే సరిపోతోంది. రోజూ రాత్రి ఏడెనిమిది కాపీలు ఈమే తిరగరాసి, ఇంటికి చేరేసరికి ఒంటిగంట అవుతోంది. ఆరేళ్ల కూతురు నిద్రపోయాకే అమ్మ వస్తోంది. భర్త ఇక మానేయమంటున్నారు. ఈ జూన్‌లో మరో నలుగురిని తీసుకుంటామని, ఈసారి రెండేళ్ల బాండ్, లక్ష రూపాయల చెక్కు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టించుకున్నాకే చేర్చుకుంటామని యజమాని పట్టు మీద ఉన్నారు. ‘నేర్పడం అసలు నా పనేనా? నేర్పితే వెళ్లిపోతారు, నేర్పకపోతే నా ప్రాణం తీస్తారు. బాండ్ సరైనదేనా? శ్రీకాళహస్తి అన్నతో ఎట్లా వేగాలి? లేక నేనే తప్పుకోవాలా?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం

‘ఏడెనిమిది కాపీలు నేనే తిరగరాస్తాను, లేకపోతే పొద్దునకు పరువు పోతుంది’ అని మీరు మామూలుగా రాసేశారు. మీ కష్టమంతా ఆ మాటలోనే ఉంది. మీరు దిద్దడం వల్ల పరువు నిలబడుతోంది, నిజమే. కాపీ రాసిన పిల్లవాడు మాత్రం ఎనిమిదింటికే ఇంటికి వెళ్లిపోయాడు. అందులో ఏది తప్పో, మీరు దాన్ని ఎందుకు మార్చారో అతను చూడలేదు. పొద్దున సైట్ తెరిస్తే తన వార్త శుభ్రంగా ఉంటుంది. సాయంత్రానికి మళ్లీ అదే తప్పు చేస్తాడు. ఇన్ని నెలలైనా మీరు తిరగరాసే కాపీల సంఖ్య తగ్గలేదంటే వాళ్లు మొద్దులని అనుకోకండి. మీరు చేసిన సవరణ వాళ్లదాకా చేరడమే లేదు. ‘ఏమైనా అక్క చూసుకుంటుంది’ అన్నది మాత్రం వాళ్లకు బాగా వంటబట్టింది. ఏడ్చి వెళ్లిపోయిన ఆ అమ్మాయి కూడా, ఎవరూ ఒక్క మాట చెప్పకుండా తన రాత మొత్తం మాయమైపోయేసరికి, ఇక్కడ తను ఎందుకున్నట్టు అనుకుని ఉంటుంది.

అందుకని మొదట మార్చాల్సింది ఇది: తప్పు ఎవరి చేత్తో పడిందో సవరణ కూడా ఆ చేత్తోనే పడాలి. మీరు గుర్తు పెట్టండి, రాయడం వాళ్లే రాస్తారు. గూగుల్ డాక్స్‌లో మీరు వాక్యం మార్చి పెడితే వాళ్లు టిక్ కొట్టి వదిలేస్తారు, చదవరు. పక్కన కామెంట్ పెట్టండి, అది ప్రశ్నలా ఉండాలి. మీ డెస్క్‌కు రోజూ వచ్చే రకం కాపీనే తీసుకుందాం. కొత్తవాళ్లు ఇలా రాస్తారు: ‘శ్రీవారి భక్తులకు గుడ్ న్యూస్. దర్శనం టికెట్లను టీటీడీ రేపు ఆన్‌లైన్‌లో విడుదల చేయనుంది.’ దీన్ని మీరు తిరగరాస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. దానికి బదులు పక్కన ఈ ప్రశ్నలు వేయండి. ఏ టికెట్లు? 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమా, ఆర్జిత సేవలా, అంగప్రదక్షిణ టోకెన్లా? ఏ నెల కోటా? ఎన్ని గంటలకు? ‘రేపు’ అంటే ఏ తేదీ? ఈ వార్త వాట్సాప్‌లో మూడు రోజులు తిరుగుతుంది, మూడో రోజు చదివినవాడికి రేపు అంటే ఏ రోజు? ఏ వెబ్‌సైట్‌లో? టీటీడీ పేరుతో నకిలీ సైట్లు ఉన్నప్పుడు అధికారిక సైట్ పేరు రాయకపోతే మనల్ని నమ్మిన భక్తుడు ఎక్కడ డబ్బు కడతాడు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుని వాళ్లే మళ్లీ రాసిన కాపీ అంత నునుపుగా ఉండకపోవచ్చు. అయినా పదోసారి టికెట్ల వార్త వచ్చేసరికి ఆ ప్రశ్నలు మీరు అడగక ముందే వాళ్ల బుర్రలో మెదులుతాయి.

ఒక కాపీకి మూడు గుర్తులకు మించి పెట్టొద్దు. ఇరవై గుర్తులున్న కాపీ చేతికొస్తే ఏది పెద్ద తప్పో, ఏది చిన్నదో కొత్తవాళ్లకు తెలియదు. చట్టానికి తగిలేది ముందు, నిజానిజాలు తర్వాత, వార్త కట్టిన తీరు ఆ తర్వాత, అక్షరదోషాలు అన్నిటికంటే చివర. వత్తులు, దీర్ఘాలు కంటికి ముందు కనిపిస్తాయి కాబట్టి చాలామంది ఇన్‌చార్జిలు వాటితో మొదలుపెట్టి వాటితోనే అలసిపోతారు. తప్పును ఆఫీసు వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి చూపించే అలవాటు ఉంటే ఈ రోజే ఆపేయండి. అందరి ముందు చూపిస్తే వాళ్లకు తప్పు గుర్తుండదు, తలవంపే గుర్తుంటుంది. బ్రేకింగ్ వార్తకు ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు మీరే దిద్ది పబ్లిష్ చేయండి. మర్నాడు మాత్రం డాక్స్‌లోని వెర్షన్ హిస్టరీ తెరిచి, ముందు ఏముంది, తర్వాత ఏమైంది అన్నది పక్కనే కూర్చోబెట్టుకుని చూపించండి.

దీనికి టైమ్ ఎక్కడిదంటారా? ఎనిమిది కాపీలు, ఒక్కోదానికి 20 నిమిషాలు అనుకుంటే రాత్రి మీకు 160 నిమిషాలు పోతున్నాయి. అందులో 45 నిమిషాలు మధ్యాహ్నం మూడింటికి జరపండి. పొద్దుటి హడావిడి తగ్గి, సాయంత్రం బులెటిన్ వేడి మొదలుకాని సమయం అది. ఒకటి ముందే తెలుసుకుని దిగండి: మొదటి మూడు వారాలు మీ పని తగ్గదు, పెరుగుతుంది. కాపీ వెనక్కి పంపడం, మళ్లీ రావడం, మళ్లీ చూడడం చాకిరే. నాలుగో వారం నుంచి రాత్రి కాపీలు తగ్గాలి. తగ్గకపోతే గుర్తులు పెట్టే తీరులో ఏదో లోపం ఉన్నట్టు. ఈ మూడు వారాల సంగతి ఇంట్లో కూడా ముందే చెప్పండి.

ఇంకో పని. ఒక నోట్‌బుక్ పెట్టి మూడు వారాల పాటు పట్టుబడిన ప్రతి తప్పును ఒక్క లైన్‌లో రాయండి: ఎవరు, ఏ తప్పు, ఎందుకు జరిగింది. చివరి గడే అసలైనది. తప్పుకు మామూలుగా మూడు కారణాలుంటాయి. ఒకటి, తెలియక. రెండు, తెలిసి కూడా తొందరలో. మూడు, మనం చెప్పిందే అస్పష్టంగా ఉండడం. తెలియనివాడికి పాఠం చెప్పాలి. తొందరపడేవాడికి పాఠం చెప్పి లాభం లేదు, పబ్లిష్ చేసే ముందు చూసుకోవడానికి ఒక చెక్‌లిస్టు కావాలి, లేదా వాడి మీద కాపీల లెక్క తగ్గించాలి. మూడోదానికి మందు మన దగ్గరే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, పక్కనే ఉన్న నగరి చిత్తూరు జిల్లాలో ఉండిపోయింది. కొత్తవాడు నగరి వార్తకు తిరుపతి జిల్లా అని డేట్‌లైన్ (వార్త మొదట్లో వేసే ఊరు, తేదీ) వేశాడంటే అతన్ని తిట్టి ఏం లాభం? ఏ మండలం ఏ జిల్లాలో, ఏ డివిజన్‌లో ఉందో తాజా పట్టిక డెస్క్ ముందు గోడకు అంటించి ఉండాలి. మార్పు వచ్చిన ప్రతిసారీ దాన్ని మార్చే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి.

పాఠం చెప్పడానికి కూడా పుస్తకమంత మాన్యువల్ రాయకండి, ఎవరూ చదవరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి ఒక్కసారిగా వచ్చిపడిన కొత్త కార్మికులకు పని నేర్పడానికి వాడిన పద్ధతి మీ డెస్క్‌కు సరిగ్గా సరిపోతుంది. ఒక పనికి ఒక కాగితం, దాని మీద రెండు గళ్లు: ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి. మీరు ‘ఎందుకు’ అనే మూడో గడి కూడా చేర్చుకోండి. థంబ్‌నెయిల్ (వీడియోకు పైన కనిపించే బొమ్మ) చేయడం ఒక కాగితం: సైజు 1280×720, అక్షరాలు నాలుగైదు మాటలకు మించొద్దు. కుడివైపు కింద మూలలో వీడియో నిడివి అంకెలు వచ్చి కూర్చుంటాయి కాబట్టి అక్కడ ముఖం గానీ మాట గానీ పెట్టొద్దు. ఈ ‘ఎందుకు’ తెలియకపోతే రెండో వారమే మర్చిపోతారు. కాగితం ఇచ్చి ఊరుకోకుండా మీరు ఒకసారి చేసి చూపించండి, తర్వాత వాళ్ల చేత చేయించండి. చేస్తున్నప్పుడు ‘ఇది ఎందుకు ఇట్లా పెడుతున్నావు’ అని వాళ్ల నోటితోనే చెప్పించండి. ఆ తర్వాత మెల్లగా తప్పుకోండి. పన్నెండు పదిహేను కాగితాలతో మీ డెస్క్ పని చాలావరకు వచ్చేస్తుంది. వాటిని రాసే పని సీనియర్ సబ్‌లకు ఇవ్వండి. రాస్తుంటే వాళ్లకే కొన్ని సందేహాలు బయటపడతాయి.

మీరు రాసిన రెండు ప్రమాదాలు వేరే కోవలోవి. వాటిని ‘మెల్లగా నేర్చుకుంటారులే’ అని వదలడానికి లేదు. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత చిన్నారి పేరే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే వీధి, ఆ చిన్నారి ఎవరో తెలిసిపోయే మరే వివరమైనా మీడియాలో రాకూడదు. శిక్ష ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీ యజమాని చదవాల్సిన మాట కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది: ఉద్యోగి చేసిన తప్పుకు ప్రచురణకర్త, లేదా మీడియా సంస్థ యజమాని కూడా బాధ్యులే. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంటుంది. కొత్తవాళ్లకు సెక్షన్ నంబర్లు బట్టీ పట్టించడం వల్ల ఉపయోగం తక్కువ. పోలీసు నోట్‌లాంటిది ఒకటి మీరే కల్పించి రాయండి. అందులో చిన్న పల్లె పేరు, తండ్రి చేసే పని, బడి యూనిఫాం రంగు, నిందితుడితో బంధుత్వం, పక్కింటావిడ బైట్ (కెమెరా ముందు చెప్పిన మాట) అన్నీ పెట్టండి. ఆ చిన్నారి ఎవరో ఊరివాళ్లకు తెలిసిపోయే వివరాలన్నీ కొట్టేయమనండి. పేరు, బడి అందరూ కొట్టేస్తారు. నిందితుడు మేనమామ అని ఉంచి అతని పేరు రాస్తే పిల్ల ఎవరో తెలిసిపోతుందన్నది మాత్రం చాలామందికి తట్టదు. అక్కడే నేర్పాల్సి ఉంటుంది.

ఆత్మహత్య వార్తలకూ ఇలాంటి కసరత్తే చేయించండి. ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చనిపోయిన పద్ధతి వర్ణించకూడదు, హెడ్డింగ్‌లో సంచలనం చేయకూడదు. కింద మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వేయడం అలవాటు చేయండి.

కాపీరైట్ గురించి మీ పుత్తూరు అబ్బాయి నమ్మింది చాలామంది నమ్మేదే. పది సెకన్లయితే ఫరవాలేదని ఏ చట్టంలోనూ లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వర్తమాన ఘటనల వార్తల కోసం పరిమితంగా వాడుకోవడానికి అవకాశం ఇస్తుంది గానీ సెకన్ల లెక్క చెప్పదు. ‘క్రెడిట్ వేశాం కదా’ అన్నా అది అనుమతి కిందకు రాదు. యూట్యూబ్‌లో కాపీరైట్ స్ట్రైక్ 90 రోజులు ఉంటుంది. ఆ లోపు మూడు పడితే చానెల్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. యూట్యూబ్ తనంతట తానే పోల్చి పట్టే కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేరు, దానివల్ల మామూలుగా ఆ వీడియో ఆదాయం పోవచ్చు, స్ట్రైక్ పడదు. ఈ రెండింటికీ తేడా తెలియక చిన్న క్లెయిమ్‌కు హడలిపోయేవాళ్లు, స్ట్రైక్‌ను తేలిగ్గా తీసుకునేవాళ్లు ఇద్దరూ ఉంటారు. అప్‌లోడ్ చేసేటప్పుడు వచ్చే ‘చెక్స్’ దశలో పచ్చగా కనిపించిందని నమ్మొద్దని కూడా చెప్పండి. వీడియో అసలు హక్కుదారు తర్వాత స్వయంగా ఫిర్యాదు పెడితే ఆ పరీక్ష ముందుగా పట్టుకోలేదు.

ఇప్పుడు లాగిన్ల సంగతి. చేరిన రోజే పబ్లిష్ బటన్ చేతికిచ్చారు, ప్రమాదం అక్కడే మొదలైంది. మీ సైట్ వర్డ్‌ప్రెస్ అయితే కొత్తవాళ్లకు కంట్రిబ్యూటర్ హోదా ఇవ్వండి, రాయగలరు గానీ పబ్లిష్ చేయలేరు. మామూలు వార్తల్లో వరుసగా ఇరవై కాపీలు నిజానిజాల తప్పు లేకుండా వస్తే ఆథర్ హోదాకు పెంచండి. యూట్యూబ్ స్టూడియో అనుమతి చివరన ఇవ్వండి, అప్పటిదాకా ఎడిట్ చేసిన ఫైల్ షేర్డ్ ఫోల్డర్‌లో పెడితే చాలు. మైనర్లు, లైంగిక నేరాలు, ఆత్మహత్యలు, మృతుల సంఖ్య ఉన్న వార్తలు ఎంత సీనియర్ రాసినా రెండో మనిషి చూడకుండా వెళ్లకూడదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగినప్పుడు మృతుల సంఖ్య మారుతూ వచ్చి చివరకు ఆరుగురని తేలింది. అలాంటి రాత్రి ఒకే మనిషిని రెండు ఆసుపత్రుల లెక్కలో రెండుసార్లు కలిపేయడం చాలా సులువు. సంఖ్య రాసిన ప్రతిచోటా ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు చెప్పారు అని రాయడం ఇప్పటి నుంచే మామూలు రోడ్డు ప్రమాదాల వార్తల్లో అలవాటు చేస్తే, పెద్ద ఘటన రోజున చేయి దానంతటదే రాస్తుంది.

చాట్‌బాట్‌లతో ఇంగ్లిష్ ప్రెస్‌నోట్ తెలుగు చేయించడం మీ పిల్లలు కూడా చేస్తూనే ఉంటారు. మొదటి ఆరు వారాలు ఒప్పుకోవద్దు. అది ఇచ్చిన తెలుగులో ఏది తప్పో పట్టాలంటే ముందు తనకు రాయడం రావాలి. ఆ తర్వాత అనుమతించినా పేర్లు, హోదాలు, అంకెలు మూలంతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

జూన్‌లో వచ్చే నలుగురి విషయంలో మీకు కాలం కలిసొస్తుంది. గంగమ్మ జాతర మేలో అయిపోతుంది. బ్రహ్మోత్సవాలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో. మధ్యలో మూడు నెలలకు పైగా ఉంది. మొదటి రెండు వారాలు సొంత కాపీ అడగకండి. మంచి కాపీలు చదివించడం, ఫోన్ చేసి పేరు, హోదా సరిచూసుకోవడం, యూనికోడ్ టైపింగ్, క్లయింట్ల పోస్టుకూ వార్తకూ తేడా, ఇవి చాలు. మూడో వారం నుంచి రోజుకు రెండు చిన్న వార్తలు. ఎనిమిదో వారానికి రోజుకు ఐదు, ఒక షార్ట్ వీడియో. అందరినీ ఒకేసారి చేర్చుకోకుండా ఇద్దరినీ, మూడు వారాలు ఆగి ఇంకో ఇద్దరినీ తీసుకుంటే కాగితాల్లోని లోపాలు మొదటి జంట దగ్గరే బయటపడతాయి. సీనియర్ సబ్‌లకు ఇద్దరేసి కొత్తవాళ్లను అప్పగించవచ్చు. అలా చేస్తే వాళ్ల కాపీల కోటా మూడో వంతు తగ్గించి తీరాలి, నెలకు ఎంతో కొంత అలవెన్స్ కూడా ఇవ్వాలి. కోటా తగ్గించకుండా ‘కాస్త చూసుకోండి’ అంటే వాళ్లూ మీలాగే తిరగరాసి ఇంటికి పోతారు.

అన్న విషయం. ఆయన్ను కొత్తవాళ్లతో కలిపి కూర్చోబెట్టడమే ఆయనకు గుచ్చుకుంటోంది. 18 ఏళ్లలో ఆయన సంపాదించిన పరిచయాలు, ఎవరి మాట ఎంతవరకు నమ్మొచ్చో తెలిసిన బుద్ధి మీ డెస్క్‌లో ఇంకెవరికీ లేవు. రెండు దారులున్నాయి. ఒకటి, వెరిఫికేషన్ ఆయన చేతికి ఇవ్వడం: సందేహం వచ్చిన ప్రతి వార్తకూ స్టేషన్‌కు, ఆసుపత్రికి, తహసీల్దార్ ఆఫీసుకు ఫోన్ చేసి తేల్చేది ఆయనే. కొత్తవాళ్లు ఆయన పక్కన కూర్చుని ఫోన్‌లో ఎలా అడగాలో నేర్చుకుంటారు. అప్పుడు వాళ్ల ముందు ఆయన గురువు. అదే పిల్లలు రోజూ అరగంట ఆయనకు కీబోర్డ్ చూపిస్తే అందులో చిన్నతనం ఉండదు. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్‌తో మొదలుపెట్టించండి, మాట బాగానే పడుతుంది. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, అంకెలు మాత్రం తప్పు పడతాయి, వాటిని సరిచూడడం తప్పదు. చిక్కల్లా ఏమిటంటే, ఆయన సొంతంగా కాపీ ఫైల్ చేసే రోజు ఆలస్యమవుతుంది. రెండో దారి, జీతంతోనే మళ్లీ ఫీల్డ్‌కు పంపడం. ఆయన సంతోషిస్తారు, వార్తలు పెరుగుతాయి, కానీ ఆయన చెప్పింది రాసే మనిషి డెస్క్‌లో ఒకరు కావాలి. ఏది చేసినా ముందు ఆయనతో విడిగా, టీ దగ్గర, ‘అన్నా, ఈ పిల్లలకు నీ దగ్గరున్నది రావాలి, ఎట్లా చేద్దాం’ అని అడిగి చేయండి. ఆయన కాపీలో తప్పు చెప్పాల్సి వస్తే మీరే చెప్పండి, చిన్నవాళ్ల చేత చెప్పించొద్దు.

బాండ్ గురించి యజమానికి స్పష్టంగా చెప్పాల్సిన అవసరం ఉంది. ఉద్యోగం మానేశాక వేరే చోట చేరకూడదనే షరతు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. ఇంతకాలం పనిచేయాలి, లేదంటే ఇంత కట్టాలి అనే బాండ్ అయితే పూర్తిగా చెల్లదని చెప్పలేం. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు మూడేళ్లకు పెట్టిన 2 లక్షల బాండ్‌ను సమర్థించింది. మీ యజమాని దాన్నే చూపించవచ్చు. దేశమంతా పరీక్ష పెట్టి ఎంపిక చేసే బ్యాంకుకూ, బాలాజీ కాలనీలో పద్నాలుగు మంది ఉన్న ఆఫీసుకూ పోలిక కుదరదు. అదే కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండ్‌లో ఎంత రాసుకున్నా, అది మించకుండా, కోర్టు న్యాయమనుకున్న పరిహారం మాత్రమే వస్తుంది. శిక్షణకు ఏం ఖర్చుపెట్టారు, ఎన్ని గంటలు నేర్పారు అని అడిగితే లాగిన్ ఇచ్చి కూర్చోబెట్టిన కంపెనీ ఏ కాగితం చూపిస్తుంది? లక్ష రూపాయల చెక్కు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడగడం మాత్రం చేయకూడని పని. సర్టిఫికెట్లు ఇక్కడ ఇరుక్కున్నవాడు మనసు పెట్టి పనిచేయడు. కాస్త తెలివైనవాళ్లు చేరనే చేరరు, వేరే దారి లేనివాళ్లే మిగులుతారు.

బాండ్‌కు బదులు చేయగలిగినవి ఉన్నాయి. ఏడాది పూర్తయితే నెల జీతమంత మొత్తం ఇస్తామని నియామకపత్రంలోనే రాయడం ఒకటి. లక్ష రాబట్టడానికి కోర్టు చుట్టూ తిరగడం కంటే అది చవక. ఆరో నెలలో, పన్నెండో నెలలో ఏ పని వస్తే జీతం ఎంత అవుతుందో మొదటి రోజే చెప్పడం ఇంకొకటి. నోటీసు కాలం 45 రోజులు పెట్టుకుంటే వెళ్లేవాళ్లు తమ కాగితాలు, ఫోన్ నంబర్లు అప్పగించి వెళ్లడానికి వీలవుతుంది. అప్రెంటిస్ పద్ధతి కూడా చూడవచ్చు. 30 మంది లోపు ఉన్న సంస్థలకు అది తప్పనిసరి కాదు, నలుగురి నుంచి ఐచ్ఛికం. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1500 రూపాయలు మించకుండా కేంద్రం భరిస్తుంది. డబ్బు తక్కువే, రాతకోతలూ ఉంటాయి. అయితే శిక్షణ ప్రణాళిక కాగితం మీద పెట్టక తప్పదు, మీ ఆఫీసుకు లేనిది అదే.

ఇవన్నీ చేసినా కొందరు హైదరాబాద్ వెళ్తారు. ఇరవై రెండేళ్ల వయసులో వెళ్లాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఒక్కొక్కరూ ఏడాదిన్నర ఉంటారని లెక్కవేసుకుని డెస్క్ నడపండి. మూడు నెలల్లో పని నేర్చుకుంటే మిగతా పదిహేను నెలలు మీకు పనికొస్తారు. నేర్పనివాళ్లు రెండేళ్లున్నా మీ రాత్రులు మీకు దక్కవు.

ఇక మీ ప్రశ్న, నేర్పడం నా పనేనా అని. మీ నియామకపత్రంలో ఏముందో ఉత్తరంలో రాయలేదు. ఉన్నా లేకపోయినా ఇప్పుడు ఆ పని మీ మీదే పడి ఉంది, పేరూ టైమూ లేకుండా. మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, 90 రోజుల గడువుతో యజమానితో రాతపూర్వక ఒప్పందం: మధ్యాహ్నం 45 నిమిషాలు, సీనియర్ల కోటా తగ్గింపు, లాగిన్ల మెట్లు. దీనివల్ల జూన్, జూలైలలో రోజుకు నాలుగైదు వార్తలు తగ్గుతాయి, వ్యూస్ కొంత పడతాయి. ఆ మాట ముందే ఆయన చేత ఒప్పించకపోతే రెండో వారంలోనే అంతా ఆపేయమంటారు. రెండోది, శిక్షణ బాధ్యత ఒక సీనియర్‌కు పూర్తిగా అప్పగించి, ప్రమాదకరమైన వార్తలు మాత్రమే మీరు చూసి తొమ్మిదిన్నరకు బయల్దేరడం. ఇంటికి ఇది మేలు. మీ కంటే కాస్త తక్కువ నాణ్యతతో వార్తలు వెళ్లడం చూసి ఊరుకోగలగాలి, మీ ఉత్తరం చదివితే అది మీకు కష్టమేననిపిస్తోంది. మూడోది, తప్పుకోవడం. యజమాని మొదటి రెంటికీ ఒప్పుకోకపోతే అది పారిపోవడం అవదు, అలసిపోయిన మనిషి చేతిలో పోక్సో వార్త ఏదో ఒక రాత్రి దాటిపోకముందే దిగిపోవడం అవుతుంది. తిరుపతిలో డెస్క్ ఉద్యోగాలు తక్కువ కాబట్టి ఇంటి నుంచి చేసే పని ముందు వెతుక్కుని, కొత్తవాళ్లు చేరకముందే చెప్పండి. బ్రహ్మోత్సవాల నడుమ చెబితే ఆ భారమంతా పిల్లల మీద పడుతుంది.

ఏ దారి పట్టినా యజమాని ముందు కూర్చునే రోజుకు మూడు వారాల తప్పుల లెక్క, మీరు రాత్రిళ్లు పెట్టిన గంటల లెక్క ఒకే పేజీలో ఉండాలి. పోక్సో 23వ సెక్షన్‌లో యజమాని బాధ్యత చెప్పే భాగాన్ని ప్రింట్ తీసి దానికి జత చేయండి. మేలో జాతర హడావిడి మొదలయ్యేలోగా ఆ మాటలు అయిపోవాలంటే నోట్‌బుక్ ఈ వారమే తెరవాలి.